దేవత కావడానికి ఎన్ని శుక్రవారాలు

మా అక్క ముందు మనుషులు మోకరించడం నేను మొదటిసారి చూసింది మస్కట్‌కు దూరంగా సహం అనే ఊళ్ళో, ఆమె ఫ్లాట్ హాల్లో, ఒక శుక్రవారం ఉదయం. పాటలయ్యాయి, ప్రార్థన అయింది. ఆ తర్వాత ఒక్కొక్కరే అక్క కుర్చీ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద నిలబడి తల వంచుతున్నారు. అక్క కూర్చున్న చోటి నుంచే వాళ్ళ తల మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంటోంది. కొత్తగా వచ్చిన ఒకావిడ నిలబడే తల వంచబోతే, పక్కనున్నావిడ ఆమె భుజం నొక్కి, "అలా కాదమ్మా, మోకరించాలి," అని నేర్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మేము పుట్టింది ప్రొటెస్టెంటు ఇంట్లో. మనిషి ముందు మోకరించకూడదని మాకు అక్షరాలకన్నా ముందే నేర్పారు. నాకు చెవి మెలేసి మరీ నేర్పింది ఈ అక్కే.

నేను మస్కట్‌లో, వాడి కబీర్ అనే పేటలో ఉంటాను. అక్కడే ఒక స్కూల్లో సోషల్ చెబుతాను. కుదురుగా కూర్చోలేని మనిషిని. పాఠం చెప్పేటప్పుడు కూడా బెంచీల మధ్య తిరుగుతూనే ఉంటాను, నా వెనక పిల్లలు నవ్వుకుంటారని తెలుసు. అక్క నాకన్నా చాలా పెద్దది. సహంలో ఒక క్లినిక్‌లో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు డ్యూటీ ఉందని చెబుతుంది. గోదావరి జిల్లా నుంచి ముందు ఆమె వచ్చింది, తర్వాత నన్నూ మా ఆయన్నీ రప్పించింది. ఇక్కడ వారపు సెలవు శుక్రవారం. వీలు దొరికిన శుక్రవారమల్లా నేను కారేసుకుని బాతినా రోడ్డు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్తుంటాను. వెళ్ళిన గంటలో తగువు పడతాం, భోజనాల వేళకు సర్దుకుంటాం.

ఆ హాల్లో ప్రార్థన మొదలైన తీరు చాలా మామూలుది. చర్చికి వెళ్ళాలంటే సొహార్ దాకా పోవాలి. దానికి బండీ కావాలి, సెలవూ కావాలి. సహం చుట్టుపక్కల అరబ్బుల ఇళ్ళలో పనిచేసే మన ఆడవాళ్ళకు ఆ రెండూ కలిసి దొరకవు. అందుకని నలుగురైదుగురు అక్క హాల్లో కూర్చుని పాటలు పాడుకుని, టీ తాగి, ఇంటి సంగతులు చెప్పుకుని ఏడ్చి వెళ్ళేవాళ్ళు. వెళ్ళేముందు అక్క అందరి తల మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఆ చేత్తోనే బీపీ చూసేది.

అలా వచ్చేవాళ్ళలో కడప జిల్లా ఆమె కూడా ఉండేది. తోటల మధ్య ఒక పెద్ద ఇంట్లో వంటపని. ఒకసారి ఆమెకు జ్వరం పట్టుకుని ఎంతకీ వదల్లేదు. అక్క ప్రార్థన చేసింది. చేసి, క్లినిక్‌కి తీసుకెళ్ళి, డాక్టరుకు చూపించి, మాత్రలు ఇప్పించి, వేళకు ఫోన్ చేసి మరీ మింగించింది. జ్వరం పోయింది. ఆ శుక్రవారం కడప ఆమె లేచి సాక్ష్యం చెప్పింది. మా వాళ్ళలో అది ఆనవాయితీ. దేవుడు మేలు చేస్తే నలుగురి ముందు నిలబడి చెప్పాలి. ఆమె మాత్రల సంగతితో సహా అంతా చెప్పింది. కాని ఆ సాక్ష్యాన్ని విన్నవాళ్ళు ఇంకొకరికి చెప్పేటప్పుడు డాక్టరు తప్పుకున్నాడు. ఆ తర్వాత మాత్రలు తప్పుకున్నాయి. దేవుని మహిమ చెప్పేచోట మాత్రల పేరెత్తడం మర్యాద కాదని మా వాళ్ళకు ఒక లోపలి భావం. చివరికి అక్క చెయ్యి, జ్వరం, ఆ రెండే మిగిలాయి. ఆ చెయ్యి కోసం ఎక్కడో దూరాన ఉన్న బురైమి నుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే స్కూల్లో ఒక ఎనిమిదో తరగతి పిల్ల నా ప్రాణం తీసింది. వాళ్ళ నాన్నకు పోర్టులో ఎవరో జపాన్ ఇంజనీరు కేలెండర్ ఇచ్చాడట. దాని మీద గుహలోంచి వెలుగు చిమ్ముతూ బయటికొస్తున్న ఒక స్త్రీ బొమ్మ. "టీచర్, వాళ్ళకి సూర్యుడు ఆడమనిషా? ఎందుకు?" అంది. ఆడమనిషేనని చెప్పగలిగాను. ఎందుకో చెప్పలేకపోయాను. రేపు చెబుతానని తప్పించుకున్నాను. మస్కట్ ఎండలో బస్సు కోసం నిలబడ్డవాళ్ళెవరూ సూర్యుణ్ణి అమ్మా అని పిలవరు, చలిదేశం వాళ్ళకే ఆ ముద్దు కుదురుతుంది, అంతే అయ్యుంటుంది అనుకున్నాను. కాని నా సంగతి నాకు తెలుసు. ప్రశ్న సగంలో వదిలేస్తే నాకు అన్నం సహించదు. లైబ్రరీలో ఉన్నవీ, కంప్యూటర్లో దొరికినవీ ముందేసుకుని కూర్చున్నాను. కూర్చున్నాను అనడం అబద్ధం, లేస్తూ కూర్చుంటూ చదివాను.

ఆ దేవత పేరు అమతెరాసు. తమ్ముడి ఆగడాలు భరించలేక ఆమె ఒక గుహలోకి వెళ్ళి రాయి అడ్డం పెట్టుకుంది. ఆగడం అంటే చిన్నది కాదు, పవిత్రమైన బట్టలు నేసే శాలలోకి తోలు వలిచిన గుర్రాన్ని విసిరాడు. ఆమె లోపలికి వెళ్ళగానే లోకం చీకటైపోయింది. మిగిలిన దేవతలు గుహ ముందు చేరి గంతులేసి, విరగబడి నవ్వి, ఏం జరుగుతోందో చూద్దామని ఆమె తొంగిచూసేలా చేసి, అద్దం చూపించి, చెయ్యి పట్టుకుని బయటికి లాగారు. జపాన్ చక్రవర్తులు తాము ఆమె వంశమేనంటారు.

ఈ కథ వెనక నిజంగా ఒక మనిషి ఉందా అనే దగ్గర పండితులు జుట్లు పట్టుకుంటారు. ఈ కథ జపాన్‌లో రాతకెక్కడానికి కొన్ని వందల ఏళ్ళ ముందు, చైనావాళ్ళు తమ చరిత్రలో ఆ దీవుల రాణి ఒకామె గురించి రాసిపెట్టుకున్నారు. అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి తన్నుకుని, తన్నుకుని, చివరికి ఒక స్త్రీని రాణిని చేసుకున్నారు. ఆమెకు కనబడని శక్తులతో మాట్లాడే విద్య ఉంది. పెళ్లి కాలేదు. తమ్ముడు రాజ్యం చూసుకునేవాడు. రాణి అయ్యాక ఆమెను కళ్ళారా చూసినవాళ్ళు తక్కువ. చుట్టూ బోలెడంతమంది పరిచారికలు, కాపలావాళ్ళు. ఒకే ఒక్క మగవాడు లోపలికి అన్నం పట్టుకెళ్ళి, బయటికి ఆమె మాట పట్టుకొచ్చేవాడు. చైనా చక్రవర్తి ఆమెకు కంచు అద్దాలు పంపాడు. ఆమె పోయిన కాలానికి దగ్గరగా సూర్యగ్రహణాలు పడ్డాయని లెక్క కట్టినవాళ్ళున్నారు. అద్దం, చీకటి, లోపల దాగిన స్త్రీ, అన్నీ కలిశాయి కదా, ఆ రాణే ఈ దేవత అని కొందరంటారు.

కాదు పొమ్మనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ లెక్కలో ఆ దేవత మొదట్లో దేవతే కాదు, పూజారిణి. మగ్గం దగ్గర కూర్చుని సూర్యుడికి బట్టలు నేసిన మనిషి. తరాలు గడిచేకొద్దీ జనం ఆమెకూ సూర్యుడికీ మధ్య తేడా మర్చిపోయారు. ఇంకొందరు ఈ రెండూ కొట్టేస్తారు. సముద్రం దాపున ఎక్కడో కొలువున్న ఒక చిన్న సూర్యదేవతను రాజకుటుంబం తన అవసరం కొద్దీ మూలపుటమ్మను చేసుకుందంటారు. ఈ కథ రాతకెక్కిన రోజుల్లో ఏలిన ఇంకో రాణి తన మనవడికి సింహాసనం అప్పగించింది, కథలో దేవత కూడా మనవణ్ణే భూమి మీదికి పంపింది, అదీ వాళ్ళ ఆధారం. ఏదీ తేలలేదు. చదివినకొద్దీ నాకు చిరాకే పెరిగింది.

చిరాకు పండితుల మీద కాదు. పూజారిణి సంగతి చదివినప్పటి నుంచి సహం హాలు కళ్ళ ముందు నుంచి కదల్లేదు. కొలిచే మనిషినే కొలవడానికి కొన్ని తరాలు పడుతుందని ఆ పుస్తకాల్లో ఉంది. మా అక్క దగ్గర కొన్ని శుక్రవారాల్లోనే అయిపోయింది. ఆ వారం వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను. మా ఆయన మజ్జిగ కలుపుకున్నాడు.

తర్వాతి శుక్రవారం తెల్లారగానే బయల్దేరాను. ప్రార్థన అయ్యేదాకా ఓపిక పట్టి, వంటింట్లో అక్కను పట్టుకున్నాను. హాల్లో ఇంకా జనం ఉన్నారు. అక్క పై అరలోంచి కాఫీ పొడి డబ్బా తీస్తోంది. ఎడమ చేత్తో తీస్తోంది. మా అక్క జన్మలో ఎడమ చేత్తో ఏదీ తీయదు.

"కుడి చెయ్యెత్తు," అన్నాను.

"ఏంటే నీ గోల? కాఫీ తాగుతావా లేదా?"

"ఎత్తక్కా."

భుజం దాకా లేచింది. అక్కడ ఆగిపోయింది, ఆమె మొహం ఒక్కసారిగా వాడిపోయింది. నేను డబ్బా తీసి పక్కన పెట్టి, జాకెట్టు మీది నుంచే చంకలో తడిమాను. గట్టిగా ఒక గడ్డ, చింతగింజంత కాదు, అంతకన్నా చాలా పెద్దది. దాని మూలం ఎక్కడుందో అక్కే నా చెయ్యి పట్టుకుని చూపించింది. రొమ్ములో.

"ఎప్పట్నించి?"

"అరవమాకు. హాల్లో ఉన్నారు."

"నువ్వు నర్సువి. ఇదే ఇంకొకళ్ళకుంటే ఏం చెబుతావు?"

"నర్సుని గనకే అదేంటో తెలుసు. మొన్నా మధ్య నించే తెలుసు." కాఫీ పొడి గ్లాసుల్లో వేస్తూ ఉంది, నా వైపు చూడలేదు. "ఆసుపత్రికి పోతే వీళ్ళకేం చెప్పమంటావే? మీ జబ్బులు తగ్గించిన దేవుడు నాది తగ్గించలేదని చెప్పమంటావా? ఆ కాకినాడ పిల్లని చూశావా, ముందు వరసలో కూర్చుంటాది. దాని కొడుక్కి గుండెలో కన్నం. అక్కడ ఆపరేషన్‌కి వేళయ్యేదాకా ఇక్కడ నా మాట మీద నిలబడి పని చేసుకుంటంది. నేను మంచం పడితే దాని ధైర్యం కూడా మంచం పడుద్ది."

"మోకరించమన్నది నువ్వేనా?"

"చెయ్యి పైకి లేవట్లేదు. నిలబడ్డోళ్ళ తల అందటం లేదని ఒకరోజు కిందికి వంగమన్నాను. అంతే అన్నాను. ఆ పై వారం అందరూ మోకరించేశారు. వద్దందామనుకున్నాను. ఎందుకు వద్దో చెప్పాలిగా మరి."

నేను చరిత్ర చదువుకున్నదాన్ని. ఒక ఆచారం ఎక్కడ పుట్టిందో కళ్ళతో చూసే అదృష్టం మా వృత్తిలో ఎవరికీ దొరకదు. నాకు దొరికింది. మా అక్క చంకలో గడ్డ పుట్టింది కాబట్టి సహంలో తెలుగువాళ్ళు మోకరిస్తున్నారు. వంటగట్టు పట్టుకుని నిలబడి ఏడ్చాను. అక్క నా చేతికి కాఫీ ఇచ్చి, చల్లారిపోద్ది తాగమంది.

నేను బతిమాలాను, బెదిరించాను, మా ఆయనతో చెప్పించాను. సెలవులకు ఊరెళ్ళినప్పుడు చూపించుకుంటానని ఒకసారి, దేవుని చిత్తమని ఒకసారి దాటేసింది. ఈలోగా నొప్పి ఎక్కువైంది, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడడం మొదలైంది. క్లినిక్‌కు సెలవు పెట్టింది. శుక్రవారం వచ్చేసరికి లేచి కూర్చోలేకపోయింది. అప్పుడు నాతో, "అక్క ఉపవాస ప్రార్థనలో ఉందని చెప్పు. గదిలోంచి బయటికి రాదని చెప్పు," అంది. నేను చెప్పాను. ఆమె నొప్పితో పడి ఉంటే ఆమెతో పోట్లాడే ఓపిక నాకు లేకపోయింది.

ఆ తర్వాత జరిగింది నేను ఊహించనిది. జనం తగ్గలేదు, పెరిగారు. కనబడే అక్కకన్నా కనబడని అక్కే ఎక్కువమందిని రప్పించింది. హాలు నిండి, మెట్ల మీద కూడా కూర్చున్నారు. మూసిన తలుపు వైపు తిరిగి పాడారు. నా చేతికి కొబ్బరినూనె సీసాలు, నీళ్ళ సీసాలు ఇచ్చేవాళ్ళు. నేను లోపలికి తీసుకెళ్తే అక్క వాటి మీద వేళ్ళు ఆనించేది. బయటికి తెచ్చి ఇస్తే రెండు చేతులతో అందుకునేవాళ్ళు. గంజి లోపలికి, మాట బయటికి. తలుపు గడియ మీద చెయ్యి వేసి ఉండగా ఒకసారి తట్టింది. ఆ చైనా చరిత్రలో అన్నం పట్టుకెళ్ళిన మనిషి చేసిన పని ఇదే.

ఆ వారమంతా స్కూల్లో నేను మనిషిని కాను. స్టాఫ్ రూమ్‌లో కుర్చీ లాగి, మళ్ళీ తోసేసి, వరండాలో తిరిగేదాన్ని. ఆ రాణి గురించి ఇన్ని రాశారు కదా, ఆమెకు పంటినొప్పి వస్తే ఎవరికి చెప్పుకుందో ఎవరూ రాయలేదు. అన్నం పట్టుకెళ్ళినవాడికి తప్పకుండా తెలిసే ఉంటుంది. మిగిలిన కంచం చూసినవాడికి తెలియకుండా ఉంటుందా? వాడు బయటికొచ్చి ఏం చెప్పాడు? రాణి క్షేమం అని చెప్పి ఉంటాడు. నాకు వాడి మీద పీకలదాకా కోపం వచ్చింది. వాడు నోరు తెరిచి ఉంటే ఆమె దేవత అయ్యేది కాదేమో, ఇంకో పదేళ్ళు బతికేదేమో.

మరుసటి శుక్రవారం అక్క గంజి కూడా ముట్టలేదు. ఆమె నుదురు తుడిచి లేస్తుంటే, "విశ్వాసం ఉంచమని చెప్పు. ఆ కాకినాడ పిల్లకి మరీ చెప్పు," అంది. నేను తలుపు తీసుకుని హాల్లోకి వచ్చాను. పాట ఆగింది. అందరి మొహాలూ నా నోటి వైపు తిరిగాయి.

"అక్క ఏం చెప్పిందమ్మా?" అని ఒక పెద్దాయన అడిగాడు. తోటలో పనిచేసే మనిషి, ఆ మధ్య ప్రార్థన నడిపిస్తున్నది ఆయనే.

"అక్క ఏం చెప్పలేదు," అన్నాను.  "అక్కకి రొమ్ములో గడ్డుంది. చంకలోకి పాకింది. ఉపవాసం లేదు, ఏం లేదు. నొప్పికి లేవలేక పడుకుంది. చెయ్యి ఎత్తలేకే మిమ్మల్ని వంగమంది. ఆసుపత్రికి వెళ్ళదట. మీ విశ్వాసం పోతుందని వెళ్ళదట."

 పెద్దాయన మెల్లగా, "అమ్మా, అవి శోధకుడి మాటలు, సాతాను పలికిస్తున్నవి. అక్కకి అట్లాంటి జబ్బులు రావు," అన్నాడు. కొందరు తలలూపారు. ఒకావిడ తన నూనె సీసా కొంగులో చుట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాకినాడ పిల్ల గోడకు చేరగిలబడి నన్ను చూస్తోంది. 

అప్పుడు కడప ఆమె లేచింది. ఇంతమంది మధ్య ఆమె ఉన్నట్టే నేను గమనించలేదు.

"గడ్డ ఎంతుండాది?" అని అడిగింది నన్ను. నేను వేళ్ళతో చూపించాను. ఆమె అందర్నీ దాటుకుంటూ వెళ్ళి తలుపు మీద కొట్టింది. "అక్కా, నేను. తలుపు తియ్యి."

మళ్ళీ కొట్టింది.

"తియ్యక్కా. తియ్యకుంటే ఈడనే కూచుంటా. మా మామా నన్ను పన్లోంచి తీసేసినా సరే."

మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు, ఇక్కడ అలాగే పిలుస్తారు. చాలాసేపటికి లోపల మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. అక్క నైటీ మీద దుప్పటి చుట్టుకుని గుమ్మం పట్టుకుని నిలబడింది. జుట్టు చెదిరిపోయి, పెదవులు ఎండిపోయి ఉంది. మొదట నన్ను చూసింది. చంపేసేలా చూసింది. ఆమెను చూడగానే ముందువరసలో ఇద్దరు ముగ్గురు అలవాటుగా మోకాళ్ళ మీదికి వాలారు.

"లేవండి," అంది అక్క. వాళ్ళు లేవలేదు. "లేవండమ్మా. నేను వంగి మిమ్మల్ని లేపలేను." దుప్పటి ఇంకా దగ్గరికి లాక్కుంది. "నాకు భయంగా ఉంది. చచ్చిపోతానేమోనని భయంగా ఉంది."

పెద్దాయన భయపడకూడదని బైబిలు వాక్యం ఎత్తబోయాడు. కడప ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఎందుకు పడగూడదయ్యా? మనకు భయమైనప్పుడల్లా యాడికొచ్చినాం? ఈడికే గదా? ఆమెకైతే మాత్రం భయం గూడదా?" మళ్ళీ అక్క వైపు తిరిగింది. "భయపడక్కా. పడతానే పోదువు గాని. ఆసుపత్రికి ఎప్పుడు పోతాండావు? అది చెప్పు ముందు."

అక్క గుమ్మంలోనే కిందికి జారి కూర్చుంది. కాకినాడ పిల్ల వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. ఆ సాయంత్రమే అక్కను కారులో మస్కట్ తీసుకొచ్చాను. దారి పొడవునా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. బర్కా దాటాక మాత్రం ఏసీ తగ్గించమంది.

తర్వాత పరీక్షలు, సూదులు, రిపోర్టులు. ముందు ఆపరేషన్, ఆ తర్వాత మందులు అన్నారు డాక్టర్లు. మరీ చివరి క్షణంలో రాలేదు గాని, ఆలస్యంగానే వచ్చారు అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. సహం హాలు రెండుగా చీలిందని ఫోన్లో తెలిసింది. అక్క ఏదో పాపం దాచింది, అందుకే ఇట్లా అయిందని కొందరు వేరే ఫ్లాట్‌లో కూడుకుంటున్నారట. అక్కకు ఆ సంగతి చెప్పాను. ఆమె, "టీ ఎవరు పెడుతున్నారో వాళ్ళకి," అంది.

ఆపరేషన్ రోజు ఉదయం థియేటర్ గౌను ఇచ్చి, జుట్టు రెండు జడలు వేసి ఉంచమని వార్డు నర్సు చెప్పి వెళ్ళింది. చెయ్యి లేవక అక్క తన జడ తను వేసుకోలేకపోయింది. నేను దువ్వెన పట్టుకున్నాను కాని ఒకచోట నిలబడి చిక్కు తీయలేకపోయాను. మంచం చుట్టూ తిరుగుతున్నాను, కిటికీ తెర తీస్తున్నాను, వేస్తున్నాను. అప్పుడు కడప ఆమె వచ్చింది. వాళ్ళ మామా బంధువుల పెళ్లికి మస్కట్ వస్తుంటే ఎట్లాగో బతిమాలి కారెక్కిందట. ఒక గంట సమయం ఇచ్చారట. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయాతో, చెమటతో, గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ చూసింది. నా చేతిలోంచి దువ్వెన తీసుకుంది.

మంచం మీద అక్క వెనక చేరి కూర్చుని చెయ్యి ఎత్తింది. ఆ చెయ్యి అక్క తల దాకా వెళ్ళి ఆగిపోయింది. అంతమంది వచ్చిపోయిన ఆ హాల్లో అక్క తలను ఏనాడూ ఎవరూ తాకలేదు. అక్క కళ్ళు మూసుకుని తల వంచింది.

కడప ఆమె చిక్కు తీయడం మొదలుపెట్టింది. చివర్ల నుంచి, నొప్పి పుట్టకుండా, కొద్దికొద్దిగా. పాపిడి తీసి జుట్టును రెండు పాయలు చేసింది. అక్క భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందని నాకు తెలిసింది, ఆమెకూ తెలిసింది.

"కదలాకక్కా," అంది ఆమె, "పాపట వంకర పోతాండాది."